రోగం కాని రోగం

ఇంటిల్లిపాదీ చదువుకునే పత్రికలో ఇటువంటి విషయం వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు సందేహించవచ్చును. మధుమేహం గురించి వ్రాస్తే ఎవరూ ముఖం చిట్లించరు. పిల్లల నులిపురుగుల గురించి వ్రాస్తే తల్లులు కత్తిరించి దాచుకుంటారు. మగవాని మర్మస్థానం మీది చర్మం మాట వచ్చేసరికి మాత్రం అందరమూ గొంతు సవరించుకుని వేరే కబుర్లలో పడతాము. అలా మాట మార్చటం వల్ల నష్టపోతున్నవారు మన ఇళ్లలోని పద్దెనిమిదేళ్ల, ఇరవైయేళ్ల కుర్రవాళ్లు. వారి కోసం వ్రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, ఆఫీసులో కాగితాలు వ్రాసుకునే గుమాస్తాను. డాక్టర్లు చెప్పినది, పుస్తకాలలో ఉన్నది, అందరికీ తెలిసే మాటలలో పెడుతున్నాను, అంతే.

సంగతి ఏమిటంటే, యౌవనం వచ్చిన మగపిల్లలలో చాలామందికి పురుషాంగం మీద చిన్న చిన్న పొక్కుల వంటివి కనిపిస్తాయి. అవి పుండ్లు కావు, పులిపిరులు కావు, సుఖవ్యాధులు అంతకన్నా కావు. ఒకరికి చెవి తమ్మె అతుక్కుని ఉండటం, ఇంకొకరికి వేలాడుతూ ఉండటం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ముందుగా అందరినీ ఎక్కువగా భయపెట్టే రకం చూద్దాము. శిశ్నాగ్రం అంచు గొడుగు అంచులాగా కొంచెం ఎత్తుగా ఉంటుంది గదా, ఆ అంచు చుట్టూ కొందరికి సన్నని మొటిమల వరస ఉంటుంది. ఒక్కొక్కటి ఆవగింజంత, అనగా ఒకటి రెండు మిల్లీమీటర్లు. తెల్లగా గాని, లేత గులాబీగా గాని, చర్మం రంగులోనే గాని ఉంటాయి. కొందరికి ఒకే వరస, కొందరికి రెండు మూడు వరసలు. మక్కకంకి మీద గింజలు పేర్చినట్లు అన్నీ ఒకే పరిమాణంలో, ఒక పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతే వాటి గుర్తు. ముట్టుకుంటే నొప్పి లేదు, దురద లేదు, రసి కారదు. ఇంగ్లీషు వైద్యులు వీటిని ముత్యాలతో పోల్చి పేరు పెట్టారు. మనవాళ్లు మాత్రం వాటిని చూసి నిద్ర మానుకుంటారు!

ఎంతమందికి ఉంటాయి అంటే, వేరువేరు దేశాలలో వైద్యులు పరీక్షించి వేసిన లెక్కలు నూటికి 14 నుంచి 48 వరకు ఉన్నవి. సున్నతి చేయించుకున్నవారిలో కొంత తక్కువ. యుక్తవయస్సు వచ్చిన తరువాత కనిపిస్తాయి, ఇరవైలలో ముప్ఫైలలో బాగా తెలుస్తాయి, వయస్సు ముదిరినకొద్దీ చాలామందిలో చదునుపడి కనిపించకుండా పోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే వాటిలో ఉండేవి సన్నని రక్తనాళాలు, నారపోగుల వంటి కణజాలం. అంటుపురుగు ఏదీ వాటిలో లేదు. అంటుపురుగు లేనప్పుడు భార్యకు అంటే ప్రసక్తి ఎక్కడిది? సంతానానికీ, పురుషత్వానికీ వాటివల్ల ఏ లోటూ లేదు. అవి చేతివాటం వల్ల రావు, నిద్రలో స్ఖలనం వల్ల రావు, వేడిచేసి రావు, సినిమాలు చూసి రావు. ఈ చివరి మాట ఎందుకు వ్రాశానంటే, సినిమాల వల్లనే వచ్చినదని నమ్మి ఆరునెలలు సినిమా మానుకున్న ఒక అబ్బాయిని నేను ఎరుగుదును.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఫ్రాన్సులో లిట్రే, ఇటలీలో మోర్గాన్యీ అనే శరీరశాస్త్రజ్ఞులు 1700 ప్రాంతంలోనే వీటిని వర్ణించారు. మూడు వందల ఏళ్లకు పైగా వైద్యులకు తెలిసిన విషయం ధర్మాబాద్ తాలూకాకు ఇంకా చేరలేదంటే దారిలో ఎక్కడో ఆగిపోయిందన్నమాట.

రెండో రకం పురుషాంగం కాడ మీద, వృషణాల తిత్తి మీద కనిపించే చుక్కలు. చర్మాన్ని కొంచెం సాగదీస్తే తెలుపు, పసుపు కలిసిన రంగులో రవ్వ చల్లినట్లు అగుపిస్తాయి. ఇవి నూనె గ్రంథులు. మన ఒంటి మీద నూనె గ్రంథి సాధారణంగా వెంట్రుక కుదురును ఆనుకుని ఉంటుంది. ఈ చోట వెంట్రుక లేకుండానే గ్రంథి ఉంటుంది కనుక పైకి కనబడుతుంది. నమ్మకం కుదరకపోతే అద్దం ముందు నిలబడి పైపెదవి అంచూ, బుగ్గ లోపలి వైపూ చూసుకోండి. అవే చుక్కలు అక్కడ కూడా చాలామందికి ఉంటాయి. పెదవి మీద ఉంటే ఎవరూ పట్టించుకోరు, పంచె కింద ఉంటే ప్రాణాంతకం అనుకుంటారు. జాన్ అడిసన్ ఫోర్డైస్ అనే అమెరికా చర్మవైద్యుడు 1896లో వీటిని గురించి వ్రాశాడు. ఆయన పేరుతోనే డాక్టర్లు వీటిని ఫోర్డైస్ చుక్కలు అంటారు.

వయస్సు మీరినవారికి తిత్తి మీద నేరేడుపండు రంగులోనో ముదురు ఎరుపులోనో చుక్కలు వస్తాయి. అవి ఉబ్బిన సన్నని రక్తనాళాలు. గోకితే రక్తం వస్తుంది, శుభ్రమైన గుడ్డతో కాసేపు నొక్కిపడితే ఆగిపోతుంది. పెద్దవారికి ఇవి హాని చేయవు. చిన్నవయస్సులోనే ఒళ్లంతా అటువంటి చుక్కలు వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి. తిత్తి చర్మంలో శనగగింజంత గట్టి తెల్లని గుళ్లు కొందరికి ఉంటాయి, అవీ మామూలే. అయితే గడ్డ చర్మంలో గాక లోపల వృషణానికే ఉన్నట్లు చేతికి తగిలితే అది వేరే సంగతి, ఆలస్యం చేయరాదు. ఇక అడుగు భాగంలో మధ్యగా కుట్టు వేసినట్లు కనిపించే గీత పుట్టుకతో అందరికీ ఉన్నదే. దాన్ని చూసి కూడా ‘ఎప్పుడు కోశారు నన్ను?’ అని తల్లిని అడిగినవాడున్నాడు.

ఇంత చిన్న విషయానికి ఇంత వివరం ఎందుకంటారా? బాబ్లీ సంగతి చెబుతాను.

బాబ్లీ అనగానే తెలుగువారికి గోదావరి ఆనకట్ట గుర్తుకు వస్తుంది. సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలి, ఆ రోజు వచ్చినప్పుడల్లా పత్రికలవారు వస్తారు. గేట్లు దింపిన తరువాత ఆ ఊరిని ఎవరూ తలచుకోరు. ఆ ఊళ్లో, చుట్టుపక్కల ధర్మాబాద్ తాలూకాలో, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే గదా. ఆ ఇళ్ల పిల్లలు అమ్మతో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు, గోడల మీది ప్రకటనలు హిందీలో చదువుతారు. పులిపిరిని తెలుగులో అంటారు, చామఖీళ అని మరాఠీలోనూ అంటారు. ఈ మామూలు మొటిమలకు మాత్రం వారి మూడు భాషలలో ఒక్కదానిలోనూ వారికి పేరు తెలియదు. గోడమీది ప్రకటన ఒక్కటే పేరు చెబుతుంది: గుప్తరోగ్! పేరు లేని దానికి దొరికిన పేరే ఖాయమవుతుంది.

మా దూరపు చుట్టాలబ్బాయి ఒకడు ఇరవైరెండేళ్లవాడు, పెళ్లి కుదిరింది. ముహూర్తం ఇరవై రోజులున్నదనగా ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లేదాకా నోరు విప్పలేదు.

“చిన్నాయినా, లగ్గం ఆపమని బాపుతోని నువ్వే చెప్పాలె. నాకు రోగమొచ్చింది. బయట తిరుగుడు నాకు తెల్వదు, ఒట్టు. ఎట్లొచ్చిందో తెల్వదు.”

నెమ్మదిగా అడిగితే బయటపడింది. పదిహేడో ఏట నుంచి ఆ మొటిమల వరస ఉన్నది. అయిదేళ్లు లోలోపల కుమిలాడు. పెళ్లి కుదిరిన తరువాత భయం ఎక్కువై, సెల్‌ఫోనులో వెతికితే కుళ్లిపోయిన అంగాల బొమ్మలు కనిపించాయి. ఒక పట్టణంలో గుడారం వేసుకున్న వైద్యుడి దగ్గరకు వెళ్లాడు. ఆయన దూరం నుంచి చూసి, ‘సకాలంలో వచ్చావు, లేకపోతే వంశం నిలిచేది కాదు’ అన్నాడట. మూడున్నర వేల రూపాయలు పుచ్చుకుని ఒక సీసా ఇచ్చాడు. నల్లగా, జిడ్డుగా ఉన్న ఆ మందు రాసుకున్న రాత్రి చర్మం బొబ్బలెక్కింది. వాసన చూస్తే నల్లజీడి రసం లాగా ఉన్నది. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టే జీడి అది. బట్ట మీద చెరగని మచ్చ వేసేది చర్మాన్ని ఊరికే వదులుతుందా? అప్పటిదాకా లేని పుండు ఇప్పుడు నిజంగా వచ్చింది. ఆ పుండును చూసుకుని రోగం ముదిరిందని ఇంకా రూఢి చేసుకున్నాడు.

మర్నాడు పొద్దుటి రైలుకు నాందేడ్ తీసుకుపోయాను. కూర్చుంటే మంట అని దారిపొడుగునా తలుపు దగ్గర నిలబడ్డాడు. చర్మవైద్యుని గది ముందు ఇంకో గండం. మన దేశంలో చర్మవ్యాధులకూ సుఖవ్యాధులకూ ఒకే డాక్టరు. బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండో మాట చదివి అబ్బాయి మెట్ల మీదనే ఆగిపోయాడు. ‘నా చేతికి గజ్జి ఉన్నది, నాకోసం వచ్చామని చెబుతాను పద’ అని లోపలికి లాక్కుపోయాను.

డాక్టరు దీపం పెట్టి, భూతద్దంతో చూశారు. మూడు ప్రశ్నలు అడిగారు: మొదట ఎప్పుడు చూశావు? అప్పటినుంచి పెరిగాయా? నొప్పి, దురద, రక్తం ఏమైనా ఉన్నదా? జవాబులు విని, “కాహీ నాహీ, కాహీచ్ నాహీ” అన్నారు. ఏమీ లేదు, ఏమంటే ఏమీ లేదు! అయిదేళ్ల భయానికి అయిదు నిమిషాలు పట్టింది. వైద్యం అంతా ఆ కాలిన పుండుకే. మానటానికి మూడు వారాలు పట్టింది. పెళ్లి రెండు నెలలు వాయిదా పడింది. ఆడపెళ్లివారికి చెప్పిన కారణం పచ్చకామెర్లు. వారు పాపం కీళ్లనెల్లి ఆకు పంపించారు కూడాను.

గోడప్రకటనల సంగతి కొంచెం చెప్పాలి. మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అని ఒకటి 1954లోనే వచ్చింది. సుఖవ్యాధులు నయంచేస్తామని గాని, మగతనం పెంచుతామని గాని జనానికి ప్రకటనలు చేయటం దాని ప్రకారం నేరం. మొదటిసారికి ఆరునెలల దాకా జైలు వేయవచ్చును. చట్టానికి డెబ్బయి ఏళ్లు నిండినా గోడల మీద రంగు మాత్రం ఏటా కొత్తగానే ఉంటుంది. ఆ వ్యాపారం మందు మీద నడవదు, సిగ్గు మీద నడుస్తుంది. మోసపోయినవాడు ఎవరితోనూ చెప్పుకోలేడు గదా! డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు ధాతువు నష్టమవుతున్నదని దిగులుపడి చిక్కిపోయే మగవారి అవస్థకు 1960లో ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఒంట్లో రోగం లేకపోయినా భయమే మనిషిని మంచాన పడేయగలదని దానివల్ల తెలుస్తున్నది.

ఇదంతా ఇంగ్లీషు వైద్యం గొప్పకోసం చెప్పటం లేదు. మన సుశ్రుతుడు తన సంహిత నిదానస్థానంలో శూకదోషాలు అని ఒక అధ్యాయమే వ్రాశాడు. పురుషాంగం పెద్దది కావాలనే ఆశతో శూకమనే పురుగులతో చేసిన పూతలు పట్టించుకునే మూఢులకు పద్దెనిమిది రకాల వ్యాధులు వస్తాయని అందులో లెక్క చెప్పాడు. ఆవగింజల వంటి పొక్కులు మొదలుకొని మాంసం కుళ్లటం దాకా ఉన్నవి. ఆ చోట కనబడ్డ పూత పూయరాదని ప్రాచీనులే చెప్పారన్నమాట. గుడారం వైద్యుడు ఆయుర్వేదం పేరు చెప్పుకుంటాడు గాని ఆ అధ్యాయం చదవడు.

గుడారానికి వెళ్లనివారు మందుల దుకాణానికి వెళతారు. అక్కడ చీటీ లేకుండా ఇచ్చే గొట్టంమందులలో చాలావాటిలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. పూయగానే ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, అదే వల. తొడ గజ్జల దగ్గర, పురుషాంగం మీద చర్మం ఒంట్లో చాలా చోట్లకన్నా పలుచన. వారాల తరబడి పూస్తే ఇంకా పలచబడి, చీలి, ఉన్న తామర కూడా నాలుగింతలై ఊరుకుంటుంది. అసలు మందే అక్కరలేని మొటిమలకు ఈ బాధ ఎందుకు? ఘాటు సబ్బులతో రుద్దటం, నీరు కలపని డెట్టాల్ పోయటం, గోటితో గిల్లటం, వెంట్రుక చుట్టి బిగించటం కూడా వద్దు. ముందరి చర్మం వెనక్కి జరిపి రోజూ మంచినీళ్లతో కడుక్కుంటే చాలును. అక్కడ చేరే తెల్లని మురికి కడిగితే పోతుంది, ఈ మొటిమలు పోవు. పోకపోవటం శుభ్రత లోపం కాదు. ఎవరికైనా మరీ మనసొప్పకపోతే లేజరుతో తీసివేసే పద్ధతి ఉన్నది, కాని అది అందం కోసమే, ఆరోగ్యం కోసం కాదు.

ఇంతవరకు చదివి ‘అయితే నాకేమీ లేదు’ అని అందరూ తీర్మానించుకుంటే అదీ ప్రమాదమే. నిజమైన జబ్బులు కూడా ఆ చోటికే వస్తాయి. పులిపిరులు మొదట చిన్నవిగా వచ్చి పెరుగుతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, పైభాగం గోబీపువ్వులాగా గరుకుగా ఉంటుంది. వరసా వాయీ ఉండదు. అవి పాపిల్లోమా అనే వైరస్ వల్ల వస్తాయి, సంపర్కం వల్ల అంటుతాయి. మధ్యలో బొడ్డులాగా గుంట ఉన్న మెరిసే పొక్కులు ఇంకో వైరస్ పని. గుంపుగా నీటిపొక్కులు వచ్చి మండితే హెర్పిస్ కావచ్చును. రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో భార్యకూ పిల్లలకూ కూడా వేళ్ల సందుల్లో దురద ఉంటే అది గజ్జి, ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోవాలి. అన్నిటికన్నా మాయలాడిది సవాయి. సంపర్కం జరిగిన సుమారు మూడు వారాలకు ఒక పుండు వస్తుంది, నొప్పి ఉండదు, కొన్ని వారాలకు దానంతటదే మానిపోతుంది. మనిషి బతికాననుకుంటాడు, రోగం మాత్రం లోపలే ఉండి ఏళ్ల తరువాత గుండెకో మెదడుకో ఎక్కుతుంది. సకాలంలో పెనిసిలిన్ ఇంజెక్షను వేయించుకుంటే నయమైపోయే జబ్బు అది. కాబట్టి నొప్పి లేదు గదా అని పుండును ఉపేక్షించరాదు. ఏళ్ల తరబడి ఒకేలా ఉన్నది వేరు, నిన్న మొన్న వచ్చినది, పెరిగేది, పగిలేది, రక్తం కారేది వేరు. ఆ రెండోదాన్ని చూసిన వారంలోపలే డాక్టరుకు చూపించాలి. అనుమానంగా ఉన్న మొదటిదాన్ని కూడా ఒక్కసారి చూపించుకుంటే మనశ్శాంతి.

భార్యల వైపు నుంచి కూడా ఒక మాట. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఇది చూసి భర్త తిరుగుబోతేమో అని లోపల అనుకున్నదంటే ఆమె తప్పు కాదు, ఆమెకూ ఎవరూ చెప్పలేదు. ఆడవారిలో కూడా ఇటువంటి హానిలేని మెత్తని మొటిమలు లోపలి పెదవుల దగ్గర ఉండటం కలదు. వారూ వాటిని చూసి ఇంతే భయపడి, ఇంతకన్నా గుట్టుగా ఉంచుతారు.

విజయవాడ డాక్టర్ జి. సమరం గారు ఏళ్ల తరబడి తెలుగు పత్రికలలో ఇటువంటి ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబులు వ్రాస్తూ వచ్చారు. ఆ జవాబులు చదివి ధైర్యం తెచ్చుకున్న వారు మన ఈడువారిలో ఎంతోమంది ఉన్నారు. బాబ్లీ కుర్రవాళ్లకు ఆ వసతి లేదు. తెలుగు నోటికి వచ్చును గాని అక్షరాలు రావు. ఈ వ్యాసం కూడా వారు చదవలేరు. చదవగలిగినది తండ్రులు, బాబాయిలు, మేనమామలు. పొలం గట్టున, బండి మీద, క్షౌరానికి వెళ్లేటప్పుడు, ఎక్కడైనా సరే, పదహారేళ్లు నిండిన పిల్లవానికి రెండు మాటలు చెప్పవచ్చును. ‘అక్కడ ఏమైనా కనిపిస్తే భయపడకు, దాచకు, నాతో చెప్పు, డాక్టరుకు చూపిద్దాం’ అంటే చాలు. వాడు సిగ్గుపడి పరుగెత్తితే పరుగెత్తనీయండి, మాట మాత్రం చెవిలో ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, నాందేడ్‌లో విష్ణుపురి వద్ద డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. ఇటు వచ్చేవారికి నిజామాబాదులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రులలో సుఖవ్యాధుల పరీక్షకు సురక్షా క్లినిక్ అనే పేరుతో గది ఉంటుంది, డబ్బు తీసుకోరు, సంగతి బయటపెట్టరు. 1097 అనే ఉచిత ఫోను నంబరులో కూడా అడగవచ్చును. చీటీ వ్రాసే కిటికీ దగ్గర జబ్బు పేరు చెప్పనక్కరలేదు. వెనక వరసలో మన ఊరివారే నిలబడి ఉండవచ్చును. తెలుగులో ‘చర్మం’ అన్నా, మరాఠీలో ‘త్వచా’ అన్నా చాలును, చర్మవైద్యుని గదికి పంపిస్తారు. మిగతాది లోపల తలుపు వేసిన తరువాత చెప్పుకోవచ్చును.